స్వామిని తిట్టకూడదు

మాల వేసుకున్న మనిషిని తిట్టకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ నా నోరు చూసే పెట్టి ఉంటారు.

కొత్తపేట రైతుబజారు వెనక సందులో నాకు చిన్న కుట్టు షాపు ఉంది. జాకెట్లు, ఫాల్, పీకో. మెషిన్ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెద్దదైపోయింది. నోరు దురుసైనా మనసు మంచిదేనని మా ఆయన నలుగురిలో చెబుతుంటాడు. ఆ నలుగురూ వెళ్లాక నా చేత తిట్లు తింటాడు. అన్నం చల్లారబెట్టాడని తిడతాను, బురద కాళ్లతో లోపలికొచ్చాడని తిడతాను, బండి అద్దం పగలగొట్టుకొచ్చాడని తిడతాను. ఆయన పేరు మహిపాల్. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నవ్వుతాడు, అంతే. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

అలాంటి నేను ఈ కార్తీకం నుంచి మకరజ్యోతి యాత్ర దాకా నోటికి తాళం వేసుకున్నాను. మొదటి పదిరోజులు పోను అన్నాళ్లూ ఆయన తన మందు మానేసి తిరిగాడు.

ముందు ఆ మందు సంగతి చెప్పాలి. మా ఆయనకి ఒక డీసీఎం బండి ఉంది. ఒకప్పుడు నల్లగొండ వైపు నుంచి బత్తాయి లోడ్లు కొత్తపేట పండ్ల మార్కెట్‌కి తోలేవాడు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్లు మారే కోచింగ్ పిల్లల సామాన్లు, ఇళ్లు మారేవాళ్ల బీరువాలు వేసుకుని తిరుగుతున్నాడు. రెండేళ్ల కింద ఎడమ డొక్కలో ఏదో బరువుగా ఉందన్నాడు. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగించాను, వాము నమిలించాను. ఎంతకీ తగ్గకపోతే రక్తం పరీక్ష చేయించాం. తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయన్నారు. అక్కణ్ణుంచి పెద్ద దవాఖానకి పంపారు. అక్కడ డాక్టరమ్మ మృదుల గారు రోగం పేరు చెప్పినప్పుడు ఏడుపందుకున్నాను. రక్తం క్యాన్సర్.

"ఏడవకండమ్మా, ముందు నేను చెప్పేది వినండి" అందావిడ. "ఇది నిదానంగా నడిచే రకం. ఎముకల్లో మూలుగ ఉంటుంది కదా, అక్కడ ఒక స్విచ్ తప్పుగా ఆన్ అయిపోయింది. దాంతో కణాలు ఆగకుండా పుట్టుకొస్తున్నాయి. ఈ మందు తిన్నగా వెళ్లి ఆ స్విచ్ మీదే కూర్చుంటుంది. జుట్టు ఊడదు, మంచం పట్టక్కర్లేదు, బండి తోలుకోవచ్చు. కానీ రోజూ వేసుకోవాలి. మానేస్తే మందు లేచిపోతుంది, స్విచ్ మళ్లీ ఆన్ అవుతుంది."

"ఎన్ని రోజులు వాడాలె మేడమ్?" అన్నాడు మా ఆయన.

"అన్నం ఎన్ని రోజులు తినాలని ఎవరన్నా అడుగుతారా? ఇదీ అంతే."

మధ్యాహ్నం కడుపునిండా తిన్నాక నాలుగు క్యాప్సూళ్లు, పెద్ద గ్లాసుడు నీళ్లు. ఖాళీ కడుపున వేసుకుంటే మాత్రం పేగులు నోట్లోకి వచ్చేవి. మందు మొదలుపెట్టాక పొద్దున లేచేసరికి కళ్ల కింద తేనెటీగ కుట్టినట్టు వాపు, పిక్కలు పట్టేయడం. "ఇయ్యాల ఒక్కనాడు వద్దులేవే" అని గునిసేవాడు. "నోరు తెరు" అని గుడ్లురిమేదాన్ని. చచ్చినట్టు మింగేవాడు. మూడు నెలలకోసారి పరీక్ష. జబ్బు ఎంతుందో చూపే అంకె దిగుతోంది, అయితే మెల్లగా. పోయిన శ్రావణంలో డాక్టరమ్మ, "బాగానే తగ్గుతోంది గానీ మనం అనుకున్న చోటికి ఇంకా రాలేదు. ఒక్క రోజు కూడా మానకూడదు, ఈ ఏడాది మరీను" అని గట్టిగా చెప్పింది.

ఈ జబ్బు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. క్యాన్సర్ మనిషని తెలిస్తే లోడు ఎవరిస్తారు? పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు వెంకాయమ్మ గారికి కడుపులో పుండని చెప్పాం. పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే మా ఆడబిడ్డ తిరుపతమ్మకీ అదే ముక్క.

దసరా వెళ్లాక ఒక రోజు అన్నం తింటూ, "నేను మాల ఏసుకుంటున్న" అన్నాడు.

"నీకేమన్న పిచ్చా? చల్లనీళ్ల స్నానం, కటిక నేల, ఒక్క పూట తిండి. నీ ఒంటికి పడ్తదా?"

"రోగం బయటవడ్డనాడే మొక్కిన. బాగైతే కొండకి ఒస్త అన్న. అంకె దిగుతాంది గదా. మొక్కు బాకీ పెట్టుకోవద్దు, సంతోషీ."

మొక్కు అన్నాక నేను మాత్రం ఏమనగలను? నాకూ భయమే. "సరే గానీ గోలీలు ఆపితే మాత్రం నీ వీపు చిట్లగొడ్త" అన్నాను. "ఆపను" అన్నాడు. అది మాల వేసుకోకముందు మాట. అప్పుడు నిజంగానే అన్నాడు.

ఎల్‌బీ నగర్‌లో రేకుల షెడ్డు వేసి ఏటా ఒక పీఠం నడుపుతారు. బక్కయ్య గురుస్వామి అక్కడే మా ఆయన మెడలో మాల వేశాడు. ఆ నిమిషం నుంచి నాకు మొగుడు లేడు, స్వామి ఉన్నాడు. నువ్వు అనకూడదు. తాకకూడదు. అరవకూడదు. ఇంట్లో స్వామి ఉంటే ఆడమనిషి గొంతు లేవకూడదని గురుస్వామి ప్రత్యేకంగా నా వైపు తిరిగి మరీ చెప్పాడు. మాలలో ఉన్న మనిషిని తిడితే ఆ దోషం తిట్టినవాళ్లకే చుట్టుకుంటుందట. మా ఆయన పక్కనే నిలబడి విన్నాడు. నేను లోపల నవ్వుకున్నాను, ఇదేదో ఈయనే చెప్పించాడనుకుని.

మధ్యాహ్నం భిక్ష పీఠంలోనే. అందుకని క్యాప్సూళ్లు చిన్న డబ్బాలో వేసి ఆయన జోలె సంచిలో పెట్టేదాన్ని. మొదటి వారం వేసుకున్నాడు. రెండో వారంలో ఒక రోజు భిక్ష వరసలో పక్కన పట్టాభి స్వామి కూర్చున్నాడు. ఆయన తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాడు. మా ఆయన అరచేతిలో క్యాప్సూళ్లు చూసి నెమ్మదిగా, మర్యాదగానే అన్నాడట.

"స్వామీ, ఏమనుకోకండి. ఆ క్యాప్సూల్ పైతొడుగు దేంతో చేస్తారో తెలుసా మీకు? గొడ్ల ఎముకలు, తోళ్లు ఉడకబెట్టి తీసిన జిగురండి అది. దీక్షలో ఉన్నాం కదా, తెలిసి చెప్పకపోతే నాది తప్పవుతుందని చెబుతున్నాను."

మా ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముందు విస్తరి, మెడలో మాల, ఎదురుగా దేవుడి పటం, చేతిలో గొడ్డు ఎముకలు. లేచి డబ్బా సంచిలో వేసుకున్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. ఆ సాయంత్రం తొడుగులు విప్పి పారేసి, లోపలి పొడి నీళ్లలో కలుపుకుని తాగాడట. ఖాళీ కడుపు. పూజకి ముందు పీఠం కుళాయి దగ్గర భళ్లున కక్కాడు. పూజ చోటు మైలపడిందని వణుకుతూ రెండోసారి స్నానం చేశాడు. మర్నాటి నుంచి ఇక ముట్టలేదు. రోజూ నేను పెట్టిన క్యాప్సూళ్లు నల్లగుడ్డలో మూట కట్టి సంచి అడుగున పెట్టాడు, యాత్ర నుంచి వచ్చాక వేసుకుందామని. ఇదంతా ఆయన తర్వాత చెబితే తెలిసింది. అప్పటికి నాకేం తెలుసు? రాత్రి ఖాళీ డబ్బా చేతికి వచ్చేది, పొద్దున మళ్లీ నింపేదాన్ని.

అడగలేదని కాదు. అడిగాను.

"స్వామీ, గోలీలు ఏసుకుంటున్నరా?"

"స్వామి శరణం" అన్నాడు.

అదొక మాట దొరికింది ఆయనకి. నీళ్లు కావాలన్నా స్వామి శరణం, వద్దన్నా స్వామి శరణం. మాలలో అబద్ధం ఆడకూడదు, అందుకని ఆడలేదు. మామూలు రోజుల్లో అయితే ఆ దాటవేత నా దగ్గర సాగేదా? దవడ పట్టుకుని నోరు తెరిపించి చూసేదాన్ని. స్వామి దవడ ఎట్లా పట్టుకుంటాను? తల ఊపి వంటింట్లోకి పోయాను.

పది పదిహేను రోజులు గడిచేసరికి ఆయన ముఖం మారింది. కళ్ల కింద వాపు మాయం. పిక్కలు పట్టేయడం పోయింది. బుగ్గలు నున్నగా, చూపు తేటగా, పెళ్లినాటి మనిషి తిరిగొచ్చినట్టుంది. మందు ఒంట్లోంచి పోయింది కాబట్టి మందు తెచ్చిన వాపూ పోయింది. ఈ ముక్క ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు చేతులెత్తి మొక్కాను.

వెంకాయమ్మ గారు మెట్ల మీద నిలబడి బుగ్గన వేలేసుకుంది. "ఏవమ్మా సంతోషీ, మీ ఆయన్ని చూశావా? ముఖంలో ఎంత కళొచ్చిందో! కడుపులో పుండన్నావు, ఆ దేవుడే మాన్పేసినట్టున్నాడు. మా త్రినాథరావు గారు కూడా అదే అంటున్నారు."

త్రినాథరావు గారు ఆవిడ భర్త, ఎవరినీ ఊరికే మెచ్చుకోడు. ఆయన కూడా అన్నాడంటే నిజమే కాబోలు అనుకున్నాను. మా ఆయన ఆ మాట విని కళ్లు మూసుకున్నాడు. మందు మానిన తర్వాతే ఒళ్లు బాగుపడింది, అది ఆయనకి కనిపిస్తోంది. ఇక దాన్ని దేవుడి లీల అనుకోక ఏమనుకుంటాడు? ఎవరి మీదనైనా కోపం తెచ్చుకుందామంటే నాకు ఇక్కడే చిక్కు. ఆయన చోట నేనున్నా అదే అనుకునేదాన్ని.

మూడు నెలల పరీక్ష తేదీ వచ్చింది. దవాఖాన నుంచి ఫోన్ చేశారు.

"మాల ఉంది. గాడ శవాలు పోతుంటయి, మైల" అన్నాడు ఆయన. "యాత్ర అయినంక పోదాం."

పరీక్షే కదా, నెల ఆలస్యమైతే ఏమవుతుంది, మందు పడుతోంది కదా అనుకున్నాను. ఫోన్ చేసినావిడకి అదే చెప్పాను. ఆవిడ "మేడమ్‌తో మాట్లాడతారా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను.

నెలసరి వస్తే ఆడవాళ్లు స్వామి ఉన్న ఇంట్లో ఉండకూడదు. పుష్యమాసం మొదట్లో బట్టలు సర్దుకుని పెద్ద అంబర్‌పేట్ వెళ్లి తిరుపతమ్మ దగ్గర ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆయన మా గుమ్మం మెట్ల దగ్గర గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఎక్కలేక కాదు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడనుకున్నాను. దగ్గరికొస్తే ఊపిరి వినిపించింది. నాలుగు మెట్లకి అంత ఆయాసం. రోజూ బీరువాలు మోసే మనిషి!

అప్పటినుంచి నాకు లోపల ఏదో తొలచడం మొదలైంది. ఆయన పడుకున్న చాప తీసి ఎండేద్దామని ముట్టుకుంటే తడి. దులిపి చూశాను, నీళ్లు ఒలికిన తడి కాదు, చెమట. చలికి నేను రెండు దుప్పట్లు కప్పుకుంటున్నాను, ఈయనకి చాప తడిసేంత చెమటా? రాత్రి టిఫిన్ పెడితే ఒక్క ఇడ్లీకే చెయ్యి కడుక్కుంటున్నాడు. నల్ల చొక్కా భుజాల మీద నిలవడం లేదు, మెడ ఎముకలు పైకి తేలాయి. మోచేతి కింద నీలం మచ్చ ఉంటే ఎక్కడ తగిలిందన్నాను. తెలియదన్నాడు.

తిరుపతమ్మకి ఫోన్ చేసి చెబితే నవ్వింది. "వదినా, మాలంటే ఏమనుకున్నవ్? ఒక్క పొద్దు ఉంటే బక్కవడరా? మా ఇంటాయన సైదులు స్వామి మాలేసినప్పుడు గిట్లనే పుల్ల లెక్క అయిండు. నియమంగ ఉన్నడు, సంతోషపడు."

ఎవరిని అడిగినా ఇదే జవాబు. తినకపోతే నియమం. చెమట పడితే తెల్లవారుజాము స్నానం మహిమ. ఆయాసపడితే భజన ఎక్కువైంది. రోగం లక్షణం ఒక్కొక్కటీ బయటికి వస్తుంటే అందరూ దానికి దండం పెడుతున్నారు.

ఒక రోజు ఆగలేకపోయాను. ఇంటి ముందు కట్ట మీద కూర్చుని ఎడమ డొక్క పట్టుకుని ఉన్నాడు. "ఏమైంది నీకు? గోలీలు మింగుతున్నవా లేదా, నోరిప్పి చెప్పు!" అని ఒక్క అరుపు అరిచాను. వీధిలో సగం మంది తిరిగి చూశారు. పైనుంచి వెంకాయమ్మ గారు ఉరికొచ్చింది.

"అయ్యో అయ్యో, స్వామిని పట్టుకుని అంతలేసి మాటలా! లెంపలేసుకో ముందు. మాలలో ఉన్నాడమ్మా, ఇంటికి అరిష్టం."

అందరి ముందూ లెంపలేసుకున్నాను. మా ఆయన లేచి నిలబడి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. నాకు జవాబు చెప్పకుండా చెప్పుల్లేని కాళ్లతో పీఠం వైపు నడిచిపోయాడు. తన జబ్బుకి భయపడుతున్నాడేమోనని అనుకున్నాను.

ఇరుముడి కట్టే రోజు వచ్చింది. సాయంత్రం కాచిగూడలో రైలు. షెడ్డు నిండా నల్లబట్టలు, శరణుఘోష, నెయ్యి వాసన. స్వాములు ఒక్కొక్కరే పీట మీద కూర్చుంటే గురుస్వామి కొబ్బరికాయలో నెయ్యి పోయిస్తున్నాడు. ఇంటివాళ్లు ముడిలో మూడు గుప్పిళ్ల బియ్యం వేయాలి. మా వంతు వచ్చింది. ఆయన పీట మీద కూర్చున్నాడు. పగటి వెలుతురులో, అంతమంది మధ్య చూస్తే తెలిసింది ఎంత తెల్లగా పాలిపోయాడో. పెదాలకీ బుగ్గలకీ తేడా లేదు.

"కర్పూరం అయిపోయింది, స్వామి సంచిల ఉన్నదేమో సూడమ్మా" అన్నాడు గురుస్వామి.

జోలెలో చెయ్యి పెట్టాను. విభూతి పొట్లం, టవలు, అడుగున గట్టిగా కట్టిన నల్లగుడ్డ మూట. కర్పూరమే అనుకుని విప్పాను. దోసెడు క్యాప్సూళ్లు. కొన్ని చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అన్నీ నా చేత్తో నేను డబ్బాలో వేసినవే.

ఎన్ని మాటలు వచ్చాయో నోటిదాకా! నీ బుద్ధి పాడుగాను, నీ మొఖాన మన్నువొయ్య, నన్ను ఏం చేద్దామనుకున్నవ్, పుస్తె తెంపి పోదామనుకున్నవా అని. మెడలో మాల ఎదురుగా కనిపిస్తోంది. చుట్టూ శరణుఘోష. ఒక్క మాటా బయటికి రాలేదు. ఏం చేయాలో తెలియక ఆయన కాళ్ల మీద పడ్డాను. భార్య స్వామి కాళ్లకి మొక్కొచ్చు, దానికి అడ్డు లేదు. ఆ పాదాల దగ్గర దోసిలి పట్టి, "స్వామీ, ఏసుకోండి. మీ కాళ్లు మొక్కుత, ఏసుకోండి" అన్నాను. నా జన్మలో ఆయన్ని అట్లా బతిమాలలేదు.

ఘోష ఆగిపోయింది. "ఏందమ్మా గవి?" అన్నాడు గురుస్వామి.

చెప్పేశాను. రక్తం క్యాన్సర్ అని అందరికీ వినబడేలా చెప్పాను. రెండేళ్లు ఇంటి ఓనరుకి కూడా తెలియనివ్వని మాట.

బక్కయ్య గురుస్వామి నెయ్యి గిన్నె కింద పెట్టాడు. "ఎవడు ఆపుమన్నడు నిన్ను? నేను చెప్పిన్నా? నాకు షుగరు, బీపీ. గోలీ మింగినంకనే పీట మీద కూసుంట. ఎన్నిసార్లు కొండెక్కిన, ఒక్కసారన్న గోలీ ఆపిన్నా?"

మా ఆయన తలెత్తి పట్టాభి స్వామి వైపు చూశాడు. వరసలో ఉన్న పట్టాభి ముఖం మాడిపోయింది.

"నేను మానేయమనలేదండీ. విటమిన్ మాత్రలేమో అనుకున్నాను. ఏ జబ్బని నేనెప్పుడూ..." మాట పూర్తి కాలేదు, ఏడ్చేశాడు. ఆయన మెడలోనూ మాలే. ఇంక ఎవరిని తిట్టను నేను?

గురుస్వామి మంత్రం చదివి మా ఆయన మెడలో మాల తీశాడు. "నీ నెయ్యి కాయ కొండకి నేను మోస్త. నువ్వు దవాఖానకి పో, బిడ్డా" అన్నాడు.

తిన్నగా ఆటోలో దవాఖానకి పోయాం. ఆయన నల్లబట్టల్లోనే ఉన్నాడు, కాళ్లకి చెప్పులు లేవు. రక్తం తీశారు. మృదుల డాక్టరమ్మ ఆయన్ని పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద నొక్కుతూ పోయింది. బొడ్డు దాకా నొక్కింది. ప్లీహం అంతదాకా వాచిందని నర్సుతో అంది.

రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది. "తెల్లకణాలు మొదట్లో ఉన్నదానికంటే ఎక్కువున్నాయి. అది ఒక్కటే అయితే నేనింత కంగారు పడను. రక్తంలో పచ్చి కణాలు కనిపిస్తున్నాయి. అంటే నిదానంగా నడిచే జబ్బు పరుగు అందుకుందేమోనని అనుమానం. ఇవాళే మూలుగ తీసి చూడాలి. జన్యువు మారిందేమో పరీక్షకి పంపాలి. మారి ఉంటే ఈ పాత మందు ఆ స్విచ్ మీద కూర్చోలేదు."

"కొత్తది ఉంటదా మేడమ్?" అన్నాను.

"ఉన్నాయి. ఏది పనిచేస్తుందో, ఎంతకాలం ఆపుతుందో ఇప్పుడు చెప్పలేను. వాళ్ల అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరున్నారో రమ్మనండి, మూలుగ మార్చాల్సి వస్తే ఎవరిది కలుస్తుందో చూడాలి." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "అసలెందుకు మానేశారు?"

మా ఆయన చెప్పాడు. గొడ్డు ఎముకలు, తొడుగు, పొడి కలుపుకుని కక్కడం, అన్నీ.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి ఒక అట్ట తీసి మా ముందుకు తోసింది. అందులో పసుపుపచ్చ బిళ్లలున్నాయి, మామూలు జ్వరం బిళ్లల్లాంటివి, కాస్త పెద్దవి.

"ఇదే మందు. తొడుగు లేదు. నాలుగు మింగక్కర్లేదు, ఒక్కటి చాలు. ఆ రోజే ఒక్క ఫోన్ చేసుంటే ఇది రాసి ఇచ్చేదాన్ని కదయ్యా."

ఆయన ఆ అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

బయటికొచ్చి మూలుగ తీసే గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఒకటే మాట లోపల తిరుగుతోంది. దేవుడికి భయపడ్డాడు సరే, పట్టాభి చెప్పింది నమ్మాడు సరే. నాకెందుకు చెప్పలేదు? నాకు చెబితే ఆ డాక్టరమ్మని అరిచి గోల చేసైనా అడిగేదాన్ని కదా. మెడికల్ షాపులన్నీ తిరిగేదాన్ని కదా.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే తిడ్తవ్."

"రోజూ తిడ్తనే ఉంట గదా! నా తిట్లకి ఎన్నడు భయపడ్డవ్ నువ్వు?"

"తిట్లకి కాదే." నేల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. "మాలల ఉన్నోన్ని తిడితే దోషం తిట్టినోళ్లకే తగుల్తదన్నడు గదా గురుస్వామి. నీ నోరు ఆగదని నాకెరికే. గోలీలు ఆపిన్నని తెలిస్తే నువ్వు ఊకోవు. నీకు దోషం తగుల్తదని చెప్పలే. ఆనాడు కట్ట మీద ఒక్క మాట అన్నవ్ సూడు, నీకేమైతదోనని నాకు నాలుగు దినాలు బువ్వ సయించలే."

నేను ఆయన ముఖం చూశాను. మాల లేని మెడ చూశాను.

అప్పుడు మొదలుపెట్టాను. ఎన్ని రోజులదో అంతా బయటికి వచ్చింది. నీ బుద్ధి గడ్డి తిన్నదా అన్నాను. నాకు దోషం తగలకుండ కాపాడెటోనివి నువ్వెవరివి అన్నాను. నా మీదికి వచ్చే పాపం నేను మోసుకుంట, నిన్ను అడిగిన్నా అన్నాను. బెంచీల మీద జనం లేచి చూస్తున్నారు. వాచ్‌మన్ "అమ్మా, మెల్లగ" అంటూ వచ్చాడు. వాడినీ తిట్టాను. మా ఆయన అన్నిటికీ తల ఊపుతూ, "అవ్, అవ్" అంటూ విన్నాడు.

నర్సు తలుపు తెరిచి, "మహిపాల్ ఎవరు?" అంది. ఆయన బెంచీ పట్టుకుని లేచి, నల్ల లుంగీ సర్దుకుని లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకున్నాక కూడా నేను తిడుతూనే ఉన్నాను.